చాందినీ చౌక్: బజారు ఎవరిది?

చాందినీ చౌక్‌ను 1650లో తీర్చిదిద్దినది షాజహాన్ కుమార్తె జహనారా. నడుమ కాలువ, కొలను, చుట్టూ దుకాణాలు, బాటసారులకు సరాయి. కొనుగోలుతోపాటు కలయికకూ అక్కడ చోటుండేది. 1857 తిరుగుబాటు అనంతరం ఆంగ్లేయులు సరాయిని కూల్చి టౌన్‌హాలు కట్టారు. అయినా వీధి ప్రజలదిగానే నిలిచింది. 1919 మార్చి 30న రౌలట్ చట్టానికి నిరసనగా స్వామి శ్రద్ధానంద తుపాకుల ఎదుట రొమ్ము చూపినది అక్కడే.

2021లో ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు వరకు కొత్త బాట పరచి, పగటిపూట మోటారు వాహనాలను నిషేధించారు. పాదచారికి దారి దొరికింది. వీధి వ్యాపారికి మాత్రం చోటు దక్కలేదు. అది వీధి వ్యాపార నిషిద్ధ ప్రాంతమని ఢిల్లీ హైకోర్టు తేల్చింది. వారి జీవనోపాధి రక్షణకే 2014లో పార్లమెంటు చట్టం చేసింది. వారిని వెళ్లగొట్టి బజారును పునరుద్ధరించామనడం ఆ చరిత్రకు పొసగదు.