పోరంబోకు నేలలో పద్నాలుగు రోజులు

‘పోరంబోకు’ అన్న మాట ఇప్పుడు మన నోట తిట్టుగా మిగిలింది కానీ, అసలు అది రెవెన్యూ మాట. శిస్తు లెక్కకు బయట ఉండిపోయిన నేల అని అర్థం. చెరువుగట్టు, శ్మశానం, పశువులు మేసే బీడు. ఏ ఒక్కరివీ కావు కనుక ఊరందరివీ. ఆ బిరుదు ఈ మధ్య గుంటూరు నుంచి ఫోనులో మా నాన్నగారి నోట నాకూ దక్కింది. అమ్మాయి కాలేజీకి వెళ్ళాక మేమిద్దరం ఇల్లు అద్దెకిచ్చి, ఒక ట్రెయిలర్ కొనుక్కుని, ఉపగ్రహ ఇంటర్నెట్ మీద ఉద్యోగాలు చేసుకుంటూ ఏడాదిన్నరగా అరిజోనా, యూటా ఎడారుల్లో ఉంటున్నాం. ఆయన కోపం సంగతెలా ఉన్నా, మేముంటున్నది నిజంగా పోరంబోకు నేలే.

ఈ నేలకు యజమానులు ఈ దేశ ప్రజలు. అజమాయిషీ బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్‌ది. దాని చేతిలో సుమారు 24.5 కోట్ల ఎకరాలున్నాయి, అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు మూడున్నర రెట్లు. దాదాపు అంతా పడమటి రాష్ట్రాల్లోనూ, అలాస్కాలోనూ ఉంది. వద్దని బోర్డు లేని చాలాచోట్ల ఎవరైనా దిగవచ్చు. అద్దె లేదు. కుళాయీ లేదు, చెత్తబుట్టా లేదు. సాధారణంగా 28 రోజుల్లో 14 రోజులు ఒకచోట ఉండనిస్తారు. ఆ తరవాత బిచాణా ఎత్తి దూరంగా మరోచోటికి పోవాలి.

ఈ నేల ఇలా ఎలా మిగిలిందో తెలుసుకోవలసిన కథ. ఆదివాసుల నుంచి యుద్ధాలతోనూ, ఒప్పందాలతోనూ లాక్కున్న భూమిని ప్రభుత్వం మొదట పంచిపెట్టడానికే చూసింది. 1862లో లింకన్ సంతకం చేసిన హోంస్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్ళు కాపురముండి సాగుచేస్తే 160 ఎకరాలు సొంతమయ్యేవి. నీటివసతి ఉన్న మంచి నేలలు చాలావరకు అలా పోయాయి. మిగిలిన బీళ్ళను పశువుల మందలు నున్నగా మేసేస్తుంటే 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం వచ్చింది. 1976లో వచ్చిన మరో చట్టం ఈ భూములను ఇక ప్రజల పేరనే ఉంచాలని విధానంగా ప్రకటించి, అలాస్కాలో తప్ప హోంస్టెడ్‌కు తెర దించింది.

ఇందులో మనవాళ్ళ ప్రసక్తి కూడా ఉంది. హోంస్టెడ్ కావాలంటే పౌరుడై ఉండాలి, లేదా పౌరుణ్ణవుతానని ప్రకటించి ఉండాలి. భగత్ సింగ్ థిండ్ మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. అయినా 1923లో సుప్రీంకోర్టు ఆయన చట్టం చెప్పే ‘తెల్లవాడు’ కాడనీ, కనుక పౌరసత్వానికి తగడనీ తీర్పు చెప్పింది. ఆ తలుపు తెరిచింది 1946 జూలై 2న ట్రూమన్ సంతకం చేసిన లూస్-సెల్లర్ చట్టం. కొత్తగా వలస రావడానికి మాత్రం ఏడాదికి 100 మందికే. బ్యూరో ఏర్పడింది అదే నెల 16న. రెండింటికీ మధ్య సరిగ్గా 14 రోజులు! కాకతాళీయమే గానీ, ప్రతిసారీ సామాను సర్దుకుంటున్నప్పుడు నాకిది గుర్తొస్తుంది.

శీతాకాలంలో క్వార్ట్‌జ్‌సైట్ పక్కన లా పోసాలో దిగుతాం. అక్కడ కొంత రుసుము కడితే సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉండనిస్తారు. చుట్టుపక్కల అంతా డెబ్భై దాటినవాళ్ళే. నలభై ఏడేళ్ళ నన్ను ‘కుర్రాడా’ అని పిలుస్తారు. మా పొరుగావిడ ఒంటరిగా వ్యానులో ఉంటుంది. చోటు మారినప్పుడల్లా ఒక వస్తువు ఎవరికో ఒకరికి ఇచ్చేస్తుందట. ఐదు గాలన్ల నీళ్ళడబ్బా నలభై పౌన్ల పైమాటే. అది ఎత్తలేని రోజున ఈ జీవితం ఆపేస్తానని మామూలుగా చెప్పింది. మనం ముసలితనం గురించి ఇంత తేటగా మాట్లాడుకోం. నాలుగు పడకగదుల ఇల్లు కొనేటప్పుడు మెట్లెక్కలేని రోజు గురించి ఎవరం అనుకుంటాం? అయితే ఇక్కడ అందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళు కారు. ఇంటద్దె కట్టలేక వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆసుపత్రి దూరం, రాత్రులు చలి.

మనవాళ్ళకూ డేరా జీవితం కొత్త కాదని నాన్నగారితో వాదించాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో, యాభయ్యో పడిలో, చెన్నపట్నం నుంచి బయల్దేరి పదిహేను నెలలు తిరిగి రాలేదా అన్నాను. “ఆయన కాశీకి వెళ్ళాడ్రా. నువ్వెక్కడికి వెళ్తున్నావు?” అన్నారు. జవాబు ఇంకా వెతుక్కుంటున్నాను.

ఒక్కటి మాత్రం తెలిసింది. అరవై రెండేళ్ళు నిండిన పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవారికీ నేషనల్ పార్కులన్నిటికీ జీవితాంతం చెల్లే పాస్ 80 డాలర్లకే ఇస్తారు. ఇక్కడ స్థిరపడ్డ మీ అమ్మానాన్నలకు తప్పక తీసివ్వండి. కానీ ఈ బీళ్ళు అప్పటికి ఉంటాయన్న పూచీ లేదు. 2025 జూన్‌లో సెనేట్‌లో వీటిలో లక్షల ఎకరాలు అమ్మాలన్న ప్రతిపాదన వచ్చింది. వ్యతిరేకత పెరిగాక ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ రావచ్చు. పౌరసత్వం తీసుకున్న ప్రతి తెలుగువాడికీ ఈ నేలలో వాటా ఉంది. ఆ వాటాను పిల్లలకు వీలునామాలో రాయలేం. అమ్మెయ్యకుండా చూసి అప్పజెప్పాలంతే.