సాళువ వంశం

విజయనగరాన్ని ఏలిన నాలుగు వంశాల్లో రెండవది, అన్నిటికంటే తక్కువ కాలం నిలిచింది (1485–1505). సంగమ రాజులు బలహీనపడి రాజ్యం ముక్కలవుతున్న వేళ, చంద్రగిరి పాలకుడు సాళువ నరసింహుడు సంగమ రాజు ప్రౌఢరాయలను తొలగించి సింహాసనమెక్కాడు. అది ఆక్రమణే, కానీ రాజ్యాన్ని నిలిపిన ఆక్రమణ. పడమటి తీర రేవుల ద్వారా గుర్రాల దిగుమతిని పునరుద్ధరించాడు. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినీ భారతాన్ని అంకితమిచ్చింది ఇతనికే. ఉదయగిరిని మాత్రం ఒడిశా గజపతులకు వదులుకోవలసి వచ్చింది.

1491లో నరసింహుడు మరణించేనాటికి కొడుకులు చిన్నవాళ్లు. వారి సంరక్షణను సేనాని తుళువ నరస నాయకుడికి అప్పగించాడు. పెద్దవాడు త్వరలోనే హత్యకు గురయ్యాడు. చిన్నవాడు ఇమ్మడి నరసింహుడు పేరుకే రాజు. నరస నాయకుడు అతన్ని అనంతపురం సీమలోని పెనుకొండ కోటలో నిర్బంధించి, తానే పాలన సాగించాడు. వంశ పతనానికి అసలు కారణం ఇదే: సైన్యం, ఖజానా రెండూ సంరక్షకుడి చేతిలోకి పోయాయి. సాళువులను కూల్చింది నమ్మిన ఇల్లే.

1503లో నరస నాయకుడు చనిపోయాక పెత్తనం కొడుకు వీరనరసింహుడికి దక్కింది. 1505లో ఇమ్మడి నరసింహుణ్ణి చంపించి అతను తుళువ వంశాన్ని స్థాపించాడు. 1509లో రాజైన శ్రీకృష్ణదేవరాయలు ఇతని తమ్ముడే.