పేరు మారిన ప్రార్థనామందిరము

నందిగామ మీదుగా జగ్గయ్యపేట దాటి పడమటికి పోవు బాటసారికి పూర్వము నిజాము రాజ్యపు సరిహద్దు ఎదురగుచుండెను. ఆ రాజ్యమున మెదకు నందు వెస్లియన్ మెథడిస్టు మతాచార్యుడగు చార్లెస్ వాకర్ పాస్నెట్, క్షామపీడితులగు పల్లెజనులకు పని కల్పించి కూడు పెట్టదలచి కట్టించిన మహామందిరము, నూఱడుగుల వెడల్పును, ఇన్నూఱడుగుల పొడవును, ఆకసము నంటు గోపురమును గలిగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమయ్యెను. నిరాడంబరతకు పేరుగన్న మెథడిస్టులకు ఇంతటి సౌధమేల యని తొలుత నాకును దోచినది. కూలి గింజలకై ఱాళ్లు మోసినవారి కీ ప్రశ్న పుట్టియుండదు.

1947 సెప్టెంబరు 27న మెథడిస్టులు, ఆంగ్లికనులు మున్నగువారు ఏకమై చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా నేర్పడగా, మందిరము పూర్వనామమును విడిచి మెదకు అధ్యక్షమండలమునకు ప్రధానాలయమయ్యెను. ఫ్రాంక్ సాలిస్‌బరీ రచించిన మూడు వర్ణగవాక్షములలో సిలువ ఘట్టము 1958లో, అనగా మెథడిస్టు పేరు తొలగిన పిమ్మటనే, వచ్చి చేరినది.

మా జగ్గయ్యపేట బౌద్ధస్తూపమునకు ఇట్లు క్రొత్త సొబగు వచ్చి చేరు భాగ్యము లేదయ్యె. 1882లో జేమ్సు బర్జెసు దానిని శోధించెను. అందలి మాంధాతృ చక్రవర్తి శిల్పఫలకము మద్రాసు మ్యూజియము చేరినది. దిబ్బ మాత్రము ఇచ్చటనే యున్నది.