వీర గున్నమ్మ

సాసుమాన గున్నమ్మ (మరణం: 1940 ఏప్రిల్ 1) మందస జమీందారీ రైతు పోరాటంలో ముందు నిలిచి, పోలీసు కాల్పుల్లో ప్రాణం విడిచిన రైతు స్త్రీ. ఆమెది ఇప్పటి శ్రీకాకుళం జిల్లా మందస మండలంలోని గుడారి రాజమణిపురం. ఉద్దానం జనం ఆమెను వీర గున్నమ్మ అంటారు. పుల్లరి కట్టనన్న పల్నాటి కన్నెగంటి హనుమంతు, మన్యంలో అల్లూరి సీతారామరాజు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కారు. అడవి హక్కు కోసమే చనిపోయిన గున్నమ్మ పేరు మాత్రం జిల్లా ఎల్లలు దాటి పెద్దగా వినపడదు.

కర్రకు కరువు

తూర్పున సముద్రం, పడమర మహేంద్రగిరి. ఈ రెంటి నడుమ పలాస, మందస, సోంపేట ప్రాంతాల కొబ్బరి, జీడి, పనస తోటల నేలే ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే అరిగి ఉద్దానమైందంటారు. మందస జమీందారీ అడవులు మహేంద్రగిరి వాలులో ఉండేవి. కొండ దిగువ ఊళ్లలో తెలుగూ ఒడియా రెండూ పలికేవారు, ఇప్పటికీ పలుకుతారు.

తోటలు ఎన్ని ఉన్నా సేద్యానికి అడవి కర్ర లేనిదే గడవదు. నాగలికి, మేడికి, కాడికి, బండి ఇరుసుకు, ఇంటి వాసాలకు అన్నిటికీ కర్రే. పొయ్యిలోకి పుల్లలు కావాలి, గత్తంలోకి ఆకు కావాలి, గొడ్లకు మేత కావాలి. తాతల నాటి నుంచీ కొండకు పోయి తెచ్చుకున్నవే ఇవన్నీ. జమీందారీ మనుషులు అడవికి కాపలా పెట్టి, రుసుము లేకుండా కర్ర తేకూడదన్నాక కాడి విరిగిన రైతు దొంగలా అడవిలో దూరవలసి వచ్చింది. 1908 నాటి మద్రాసు ఎస్టేటు భూముల చట్టం సాగుభూమి మీద రైతు హక్కును కొంతవరకు గుర్తించింది. అడవి మాత్రం జమీందారు గుప్పిట్లోనే మిగిలిపోయింది. మందస రైతు కోపం అక్కడిదే. శిస్తు ఏడాదికోమారు గుర్తొచ్చే బాధ, పొయ్యిలో పుల్ల రోజూ రెండుపూటలా గుర్తొస్తుంది. ఈ గొడవలో ఆడవాళ్లు అంతమంది ఎందుకున్నారన్న దానికి జవాబు కూడా అదే పొయ్యి దగ్గర దొరుకుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లా చీలినప్పుడు మందస ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండిపోయింది. పేరు మారింది గానీ కచేరీలో రైతు మొర వినే దిక్కు మారలేదు.

సంఘం వచ్చిన దారి

జమీందారీ రైతులను కూడగట్టే పని అప్పటికే మొదలైంది. నిడుబ్రోలు నుంచి ఎన్.జి. రంగా, ఉద్దానం తీరాన బారువ నుంచి గౌతు లచ్చన్న ఊరూరా తిరిగారు. 1937–38లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన సాగింది. దారి పొడవునా జమీందారీ ఊళ్ల గోడు విన్నది. జమీందారీ సమస్యపై ప్రకాశం పంతులు అధ్యక్షతన వేసిన కమిటీ రైతుల పక్షాన నివేదిక ఇచ్చింది. అది చట్టం కాకముందే, 1939 అక్టోబరులో, యుద్ధం విషయమై రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. రాష్ట్రం గవర్నరు చేతికి పోయింది. మందస రైతులు ఎవరి నోటి మాట మీద ఆశ పెట్టుకున్నారో ఆ మంత్రులే కుర్చీల్లో లేరు.

1940 మార్చి చివరి వారంలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అధ్యక్షుడుగా ఎన్నుకున్నది రాహుల్ సాంకృత్యాయన్‌ని. ‘ఓల్గా నుంచి గంగకు’ రచయితగా తెలుగు పాఠకులకు తెలిసిన ఆయన సభ నాటికి అరెస్టయి ఉన్నారు. మద్రాసు–హౌరా రైలు మార్గంలో ఉండబట్టి పలాసకు దూరదూరాల నుంచి ప్రతినిధులు దిగారు. చుట్టుపట్ల ఊళ్ల రైతులు నడిచే వచ్చారు. దేశమంతటి రైతు తన ఊరి పక్కకే వచ్చి నిలబడటం మందస పల్లెలకు అంతకుముందు ఎరగని ధైర్యం.

ఏప్రిల్ 1

సభ అయిన రోజుల్లోనే మందస రైతులు గుంపుగా అడవికి పోయి కర్ర కొట్టారు. చాటుగా పోతే దొంగతనం అవుతుంది, బండ్లు కట్టుకుని పట్టపగలు ఊరంతా పోతే హక్కు అవుతుంది. ఆ ఎత్తు తెలిసే వేసినది. జమీందారు వైపు నుంచి ఫిర్యాదు వెళ్లింది. పోలీసులూ అధికారులూ గుడారి రాజమణిపురం వచ్చి రైతులను అరెస్టు చేశారు.

తీసుకుపోతున్న వాళ్లను విడిపించుకోవడానికి ఊరు అడ్డం తిరిగింది. ముందు నిలిచింది ఆడవాళ్లు, వాళ్ల ముందు గున్నమ్మ. మా వాళ్లను వదిలితే తప్ప కదలమన్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మతో పాటు మరో నలుగురు రైతులు చనిపోయారు. అప్పటికి ఆమె వయసు పాతికేళ్ల దరిదాపున అని, నిండు చూలాలని ఊళ్లో తరతరాలుగా చెప్పుకుంటారు.

ఆమెను సేనాని అనవచ్చా? పదవి లేదు, తుపాకీ లేదు, సంఘంలో పేరున్న నాయకురాలూ కాదు. కానీ అరెస్టు చేసినవాళ్లతో పోలీసులు కదలకుండా ఆపడానికి ఎక్కడ నిలబడాలో ఆ పూట తేల్చినవాళ్లలో ఆమె ముందుంది, మిగతావాళ్లు ఆమె వెనక నిలిచారు. ఊరు ఆమెకిచ్చిన పేరుకు ఆధారం ఆ ఒక్క పూటే. రాసిపెట్టిన చరిత్రలో గున్నమ్మ బతుకు మొత్తం ఆ పూటకే కుదించుకుపోయింది. మన చరిత్రలో రైతు స్త్రీకి చోటు దొరకడానికి చావు ఒక్కటే దారి అన్నట్టు!

తర్వాతి కాలం

మద్రాసు శాసనసభ ఆమోదించిన 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో మందస సహా జమీందారీలు పోయాయి. విశాఖపట్నం జిల్లాను చీల్చి 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పరిచారు. జమీందారీ అడవులు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. రైతు అడగవలసిన కచేరీ మారింది. అడగవలసిన పని మాత్రం తప్పలేదు.

ఈ నేల మీద పోరాటం అక్కడితో ఆగలేదు. 1968 నవంబరులో సోంపేట దగ్గరి గరుడభద్రలో భూస్వామి పంట కోత చుట్టూ రేగిన ఘర్షణ, శ్రీకాకుళ సాయుధ పోరాటం కొండల నుంచి మైదానంలోకి దిగిన ఘట్టం. అందులోనూ పంచాది నిర్మల ముందుండగా ఆడవాళ్లు కదిలారు. ఉద్దానంలోని బొడ్డపాడు ఆ ఉద్యమానికి పట్టుకొమ్మ. అక్కడ గుడిలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ కట్టి ఊరూరా పాడాడు. 1969 డిసెంబరులో ఆయన, నిర్మల ఇద్దరూ పోలీసుల చేతిలో హతమయ్యారు. వీళ్ల ఆయుధం వేరు, సిద్ధాంతం వేరు. గున్నమ్మను వీళ్ల ఖాతాలో జమకట్టడం సరికాదు.

ఇంకా దగ్గరి పోలిక ఇటీవలిది. 2010 జూలై 14న సోంపేట బీల భూముల్లో విద్యుత్ కేంద్రం వద్దన్న రైతులూ మత్స్యకారుల మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతి రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న టెక్కలికి దగ్గరలోని కాకరాపల్లిలో మళ్లీ అదే మోత. బీల అంటే మళ్లకు నీరు, గొడ్లకు మేత, వలకు చేప. ఒకప్పుడు మందస రైతుకు కొండ ఏమిచ్చేదో తీరం రైతుకు బీల అది ఇచ్చేది.

జ్ఞాపకం

రాజమణిపురంలో గున్నమ్మకు స్మారకం ఉంది. ఏటా ఏప్రిల్ 1న రైతు సంఘాల వాళ్లు జెండాలతో వచ్చి దండలు వేస్తారు. కాంగ్రెసు వారు స్వాతంత్ర్య పోరాటంలో లెక్క వేస్తారు, కమ్యూనిస్టులు రైతు పోరాటంలో వేస్తారు. అడవిలో కర్ర కొట్టిన రోజున ఊళ్లో రెండు రకాల వాళ్లూ కలిసే ఉన్నారు.

గున్న అంటే చిన్నది, పొట్టిది. గున్నమామిడి, గున్నేనుగు అన్నప్పటి గున్న. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడపిల్లలకు మురిపెంగా పెట్టుకునే పేరు. ముందున్న ‘వీర’ తర్వాతి వాళ్లు చేర్చింది.