పిక్క మీద సైలెన్సర్ ముద్ర

బెజవాడలోనూ, చుట్టూ ఉన్న డెల్టా ఊళ్లలోనూ మోటారు సైకిల్ మీద తిరుగుతూ పెరిగిన వాళ్లలో చాలామందికి కుడి పిక్క లోపలి వైపు కోలగా ఒక మచ్చ ఉంటుంది. ఏమైందని అడిగితే ‘సైలెన్సర్ తగిలింది’ అనేసి ఊరుకుంటారు. ఆ గాయం పోలీసుల ప్రమాదాల లెక్కలోకి రాదు, బీమా కంపెనీ దాకా పోదు. చూసుకుని దిగలేదని ఇంట్లో నాలుగు తిట్లు పడితే ఆ కేసు మూసేసినట్టే. నేరం దిగినవాడి కాలిదేనని అందరం ఒప్పేసుకున్నాం. బండ్ల చరిత్ర చూస్తే మాత్రం ఆ తీర్పు నిలబడదు. పొగ గొట్టం ఎక్కడ ఉండాలో, దాని మీద కప్పు ఉండాలో వద్దో బండి తయారయ్యేటప్పుడే ఎవరో తేల్చేస్తారు. కాలు కాలడం, కాలకపోవడం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఇది మన దగ్గర పుట్టిన సమస్య కాదు. 1928 నాటి మెర్సిడెస్ ఎస్ఎస్‌కే, 1932లో అమెరికాలో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ ఎస్‌జే కార్లకు బానెట్ పక్కనుంచి మెరిసే గొట్టాలు బయటికి పొడుచుకొచ్చేవి. లోపల ఎంత శక్తి ఉందో దారిన పోయేవాడికి తెలియాలన్నది వాటి ఉద్దేశం. 1960లలో ఆ సరదా కిందికి దిగి తలుపు గుమ్మం దాకా వచ్చింది. షెల్బీ కోబ్రా 427 కారుకు తలుపు కిందుగా ఏ అడ్డూ లేని గొట్టం సాగుతుంది. దిగేవాడి పిక్క నేరుగా దానికే ఆనుతుంది. ఆ మచ్చకు అక్కడి యజమానులు ‘పాము కాటు’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు, గాయం కాస్తా బిరుదైపోయింది. ఇంచుమించు అదే కాలంలో, 1965లో, షెవర్లే కంపెనీ కార్వెట్‌కు పక్క గొట్టాలు ఇస్తూ వాటిపైన గాళ్లు తీసిన లోహపు కవరు బిగించింది. పాత కార్ల మోజున్నవాళ్లు ఇప్పటికీ ఆ కవరు చూసే ఆ కార్వెట్‌ను గుర్తుపడతారు. అంటే అడ్డు పెట్టడం తెలియక కోబ్రా అలా వదిలేసింది అనడానికి లేదు. 1992లో డాడ్జ్ వైపర్ మళ్లీ గుమ్మాల్లోంచే పొగ వదిలింది. 1996లో గొట్టాలు వెనక్కి మారాయి, 2003లో తిరిగి పక్కకే వచ్చాయి. తెలిసిన పాఠాన్ని కూడా మోజు ఎంత సులువుగా పక్కన పెట్టిస్తుందో చెప్పడానికి ఈ ఒక్క కారు చాలు.

మన డెల్టాలో అలాంటి కార్ల గోల తక్కువ. ఇక్కడి కథంతా రెండు చక్రాల మీద నడిచింది. అందులోనూ మంచి సమాధానం ముందే వచ్చింది. 1946లో ఇటలీలో కొరాడినో డాస్కానియో వెస్పాను గీసినప్పుడు నడిపేవాడి బట్టలకు నూనె, మురికి అంటకూడదని ఇంజనుకు రేకు తొడుగు వేశాడు. ఆ ఏర్పాటే 1972 నాటి బజాజ్ చేతక్ దాకా వచ్చింది. ఇంజను కుడి పక్క రేకు వెనక, సైలెన్సర్ దాని అడుగున. పిల్లల్ని ముందు నిలబెట్టుకుని, ఇల్లాలిని వెనక కూర్చోబెట్టుకుని సినిమాకు వెళ్లిన కుటుంబాలకు చేతక్ తెలియకుండానే చేసిన ఉపకారం ఇది. మోటారు సైకిల్ దారి వేరు. మైసూరులో 1961 నుంచి తయారైన జావాకు, దాని తర్వాతి ఎజ్డీకి రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. మన ఆడవాళ్లు వెనక సీటు మీద రెండు కాళ్లూ ఎడమకే వేసి కూర్చుంటారు కాబట్టి, ఎడమ గొట్టం సరిగ్గా ఆ పాదాల దగ్గరికే వస్తుంది. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 వచ్చాక మోటారు సైకిల్ మధ్యతరగతి ఇంటి బండి అయింది. వాటి సైలెన్సర్ కుడివైపు ఒక్కటే. చీర కట్టుకున్నవాళ్లకు ముప్పు తగ్గింది. అటూ ఇటూ కాళ్లేసి కూర్చుని కుడి పక్కకు దూకే నిక్కరు పిల్లలకు, మండుటెండల్లో లుంగీ ఎగ్గట్టి పొలానికి వెళ్లే రైతులకు అది అలాగే మిగిలింది.

మరి చట్టం ఏం చేసింది? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చదివితే పొగ గొట్టం గురించి చాలానే ఆలోచించారని తెలుస్తుంది. 112వ నిబంధన పొగను కిందికి గానీ ఎడమకు గానీ వదలొద్దంది, దారిన నడిచేవాడి ముక్కు కోసం. ఇంధనం పారే గొట్టానికి పొగ గొట్టం 35 మిల్లీమీటర్ల లోపు ఉండకూడదని 113వది చెప్పింది, అగ్ని భయంతో. 120వది చప్పుడు తగ్గించే సాధనం ఉండాలంది, చెవుల కోసం. మోటారు సైకిల్ మీద వెనక కూర్చునేవాళ్ల సంగతి 123వ నిబంధన చూసుకుంది: పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఆసరా, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు. మనం శారీ గార్డు అనేది దీన్నే. 2022లో చేసిన సవరణ నాలుగేళ్ల లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్లేటప్పుడు హెల్మెట్, నడిపేవాడికి కట్టే పట్టీ ఉండాలంది. ముక్కు, చెవి, చీర, తల అన్నీ ఈ వరసలోకి వచ్చాయి. అదే వెనక సీటుకు జానెడు దూరంలో కాగే ఇనుము ఉందన్న మాట 123లో లేదు. వేలాడే కొంగు కోసం బండి నిర్మాణాన్నే మార్పించిన ప్రభుత్వం వేలాడే పిక్కను మాత్రం దాని అదృష్టానికి వదిలేసింది. చాలా కంపెనీలు ఇప్పుడు సైలెన్సర్ మీద చిల్లుల రేకు బిగిస్తున్న మాట నిజమే. కానీ ఇంజను నుంచి మలుపు తిరిగే బెండ్ పైపు, అన్నిటికన్నా ఎక్కువ కాగే భాగం, చాలా బండ్లకు బోసిగానే ఉంటుంది.

చూసుకుని దిగితే సరిపోదా, దీనికి కూడా చట్టమా అనేవాళ్లున్నారు. వేడి ముందు జాగ్రత్తకు దొరికే వ్యవధి ఎంతో చూడాలి. 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో కొలిచారు. 44 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు ఆరు గంటలు పట్టింది. 60 డిగ్రీల దగ్గర అయిదు సెకన్లే. నడిచి వచ్చిన బండి బెండ్ పైపు వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది, అక్కడ కాలు వెనక్కి లాక్కునే లోపే పని జరిగిపోతుంది. పైగా ఈ వేడి చూపుకు దొరకదు. క్రోమ్ పూత కాగినా చల్లారినా ఒకేలా మెరుస్తుంది. బండి పోతున్నప్పుడు గాలి గొట్టాన్ని కొంత చల్లబరుస్తుంది, ఆగగానే ఆ గాలీ ఆగిపోతుంది. కాలు కిందపెట్టేది ఆ క్షణంలోనే. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకైతే అంటుకున్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. పొయ్యి మీది గిన్నెకు పిడి పెట్టకుండా వంట చేసేవాళ్లను జాగ్రత్తగా ఉండమని ఏ కంపెనీ చెప్పదు కదా. (కాలిన చోట టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. చేయాల్సింది కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టడం. ఐసు కూడా వద్దు. బొబ్బను చిదమకుండా శుభ్రమైన గుడ్డ కప్పి డాక్టరుకు చూపించాలి.)

పాత బండ్ల ప్రేమికుల అభ్యంతరం ఇంకోటి. గార్డు బిగిస్తే అందం పోతుంది, వేడి లోపల చిక్కుకుని గొట్టం తుప్పు పడుతుంది అంటారు. అందం సంగతికి కార్వెట్టే జవాబు చెప్పింది. తుప్పు మాటలో కొంత నిజం ఉంది, అయితే అది గార్డుకు వర్తించదు. గొట్టానికి పట్టీలా చుట్టే హీట్ ర్యాప్ వేడిని బయటికి రానివ్వదు గానీ తేమను పట్టి ఉంచుతుంది. సముద్రపు గాలి తగిలే బందరు వైపు మామూలు ఇనుప గొట్టానికి అది చేటే. సిరామిక్ పూత పై వేడిని కొంత దించుతుంది, అయినా చెయ్యి పెట్టగలిగేంత కాదు. నమ్మదగింది పాత పద్ధతే: గొట్టానికీ రేకుకూ మధ్య వేలి మందం ఖాళీ, గాలి ఆడేలా రేకుకు చిల్లులు, బిగించడానికి క్లాంపులు. గాలి వేడిని సరిగా దాటనివ్వదు కాబట్టి ఆ ఖాళీయే అసలు పని చేస్తుంది. ఇందులో బెజవాడ ఆటోనగర్‌కు కొత్త విద్య ఏదీ లేదు. లారీ బాడీలు కట్టే చోట, రేకు వంచడం, వెల్డింగ్, లేత్ పని పక్కపక్క షెడ్లలోనే దొరికే చోట అది కాసేపటి పని. ఇప్పుడు జరుగుతున్నది ఇందుకు తలకిందులు. సౌండు కోసం కంపెనీ సైలెన్సర్‌ను దాని గార్డుతో సహా పీకించి బోసి గొట్టం పెట్టించుకుంటున్నారు కుర్రాళ్లు. పోలీసులు అలాంటివాటిని పట్టుకుని రోడ్డు రోలర్ కింద తొక్కించడం రాష్ట్రంలోని నగరాల్లో చూస్తున్నదే. కోపమంతా చప్పుడు మీదే. ఆ గొట్టంతో పాటు పోయిన రేకు ఏ కేసులోనూ కనపడదు.

కరెంటు బండ్లు వస్తున్నాయి, నాలుగేళ్లు ఓపిక పడితే ఈ బెడదే ఉండదనే మాటలో తొందర ఎక్కువ. డెల్టాలో మోటారు సైకిల్ ఒక చేతితో ఆగదు. పట్నంలో వాడి అమ్మేసింది పల్లెకు, అక్కడినుంచి చేపల చెరువు మీది కాపలాదారుకు చేరుతుంది. ఒక్కో చేయి మారినప్పుడల్లా ఊడిన భాగాలు పెరుగుతాయే తప్ప తగ్గవు. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లు. ఆ తర్వాత బండిని తనిఖీకి చూపించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. గొట్టం బోసిపోయి ఉండే అవకాశం ఎక్కువగా ఉన్న పాత బండ్లన్నీ కాగితాలు సరిగ్గా ఉండాలంటే ఆ గుమ్మం తొక్కి తీరాలి. 123వ నిబంధనలో శారీ గార్డు పక్కన సైలెన్సర్ గార్డు అన్న మాట చేర్చి, బెండ్ పైపునూ అందులో కలిపితే, తనిఖీ అధికారి చక్రం వైపు వంగి చూసేటప్పుడే ఆ పని కూడా అయిపోతుంది.