మహాయుగ సంఖ్య: ఖండము నుండి పూర్ణమునకు

మహాయుగ ప్రమాణమగు 43,20,000 సంవత్సరములు కేవలము విస్మయము గొల్పుటకు చెప్పబడిన సంఖ్య యని కొందరి భావన. జ్యోతిర్గణితమున దాని ప్రయోజనము వేరు. సంవత్సరమునందును, మాసమునందును దినములు పూర్ణసంఖ్యలో లెక్కకు రావు, భిన్నశేషము మిగులును. ఆ శేషము లుప్తమగుటకు మహాకాలము కావలెను.

క్రీ.శ. 5వ శతాబ్ది నాటి ఆర్యభటుని గణనలో ఒక మహాయుగమున చంద్రుని భగణములు 5,77,53,336. సావన దినములు 1,57,79,17,500. చంద్ర భగణముల నుండి 43,20,000 రవి భగణములను తీసివేయగా 5,34,33,336 చాంద్రమాసములు లభించును. దినసంఖ్యను దీనిచే భాగించినచో మాసప్రమాణము 29.53058 దినములు. ఆధునికమానము 29.53059.

ఇంతటి సూక్ష్మత ఆ బృహత్సంఖ్య గర్భమున నిక్షిప్తమై యున్నది. అల్పకాలమున ఖండముగా తోచునది మహాకాలమున పూర్ణమగుచున్నది. సాధకునకు ఇది గణితము మాత్రమే కాదు, మననయోగ్యమైన దృష్టి కూడ.