అడవి దస్త్రములు

సీతాఫల్‌మండి అను పేరు వినినంతనే అడవిపండ్ల అంగడి స్ఫురించును. ఆ పేటకు చేరువనే, తార్నాకలో, తెలంగాణ రాష్ట్ర పురాలేఖాగారము కలదు. నిజాము ప్రభుత్వపు ఉర్దూ దస్త్రములు అందు భద్రపఱుపబడియున్నవి. పాతకాగితములతో గృహస్థులకేమి పని యని కొందఱడుగవచ్చును. అడవుల చరిత్రయే ఇందుకు సమాధానము చెప్పును.

1882వ సంవత్సరపు మద్రాసు అటవీ శాసనము రిజర్వు అడవులను నిర్ణయించెను. అనుమతి లేక అందు పశువులను మేపుట, పోడు గొట్టుట నేరములయ్యెను. నిజాము రాజ్యమునను ఇట్టి నిర్బంధములు హెచ్చెను. ఆదిలాబాదు గోండులు భూములు గోల్పోయిరి. 1940లో జోడేఘాట్‌కడ కొమరం భీము పోలీసుల కాల్పులలో మరణించెను. పిమ్మట ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞునిచే గోండుల స్థితిని విచారింపజేసెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు నేడు లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యాలయమున గలవు.

దొరతనమువారి కాగితములలో అడవి తఱచుగా కలపయు రాబడియు మాత్రమే, అడవిబిడ్డ నేరస్థుడు. అయినను 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము ఈ కాగితములకు క్రొత్త విలువ నిచ్చినది. గిరిజనేతరులు 75 ఏండ్ల నివాసమును నిరూపింపవలెను. పాత పటములు, సర్వే నివేదికలు, అటవీ దస్త్రములు సాక్ష్యములుగా చెల్లును. వ్రాతపెట్టిన పెద్దల వాఙ్మూలమును చెల్లును.

నాడు హక్కును హరించిన కాగితమే నేడు దానిని నిలుపగలదు. చెదలు తినిన యొక్క పుట ఒక కుటుంబపు పొలము కావచ్చును. కావున ఉర్దూ నేర్చినవారు ఆ దస్త్రములను తెనిగింపవలెను. పల్లెలయందలి విద్యార్థులు వృద్ధుల మాటలను, వారుండగనే, వ్రాసికొనవలెనని మా మనవి.